కుక్క కాలు విరిగితే



మా ఊరు కోలారు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉంది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేను పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణే గాని పశువైద్యుణ్ణి కాను. అయినా కుక్కల కాళ్లు విరగడం గురించీ, వాటికి చేసే ఆపరేషన్ల గురించీ ఈరోజు నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. అందుకు కారణం రెండు కుక్కలు. ఒకదాని కాలు నా చేతుల్లోనే పోయింది. ఇంకోదాని కాలు నిలబడింది. ఆ రెండింటి వల్ల నేను తెలుసుకున్నది మీకు పనికొస్తుందని నా ఆశ.

మొదటి కుక్క మా ఇంటి కావలి కుక్క, పేరు నల్లోడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం ట్రాక్టరు తగిలి దాని వెనక కాలు పిక్క దగ్గర విరిగింది. తోలు తెగలేదు, రక్తం కారలేదు. కాలు మాత్రం వేలాడుతోంది. ఎముక విరిగిందంటే మన వైపు ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టే కదా! మా అవ్వ కూడా అదే అంది. "కుక్కను అంత దూరం ఎవరు తీసుకుపోతారు నాయనా, అట్లాంటి కట్టే నువ్వే కట్టు" అంది. నేను వెదురు బద్దలు చీల్చాను. కోడిగుడ్డు తెల్లసొన పూశాను. పాత పంచె చింపి, కాలు కదలకూడదని గట్టిగా బిగించి కట్టాను. చూసినవాళ్లంతా బాగా కట్టావన్నారు.

మూడో రోజుకు కట్టు కింద పాదం వాచింది. ఎముక విరిగితే వాపు రాదా అనుకున్నాను. ఐదో రోజు వాసన మొదలైంది. ఆరో రోజు విప్పి చూస్తే పాదం నల్లబడి, చల్లగా, ముట్టుకున్నా తెలియకుండా ఉంది. పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి ఒకే మాట అన్నారు. "మేష్ట్రే, ఎముకను విరగ్గొట్టింది ట్రాక్టరు. కాలును చంపింది కట్టు." రక్తం ఆడక కుళ్లిపోయిన ఆ కాలును తొడ దగ్గరికి తీసేయవలసి వచ్చింది. అది వయసులో ఉన్న కుక్క, తోలు తెగని మామూలు విరుపు. సరైన చేతిలో పడి ఉంటే మెత్తటి దూది వేసిన పిండికట్టుతోనే అతుక్కునేదని ఆయన చెప్పారు. ఆ మాట నన్ను చాలా ఏళ్లు నిద్రపోనివ్వలేదు.

ఇందులో పుత్తూరు వారి తప్పు రవ్వంత కూడా లేదు. తరతరాలుగా చేత్తో తడిమి నేర్చుకున్న విద్య వారిది. నేను చేసింది ఏమీ తెలియని అనుకరణ. పైగా మనిషికీ కుక్కకూ తేడా ఉంది. కట్టు బిగుసుకుంటే మనిషి "వేళ్లు తిమ్మిరెక్కాయి, కొంచెం వదులు చెయ్యండి" అంటాడు. కుక్క చెప్పలేదు. కట్టును కొరుకుతుంది, మూలుగుతుంది, తిండి మానేస్తుంది. మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

ఇక్కడ ఒక సూత్రం ఉంది. విరిగిన ఎముక కదలకుండా ఉండాలంటే దానికి పైనున్న కీలు, కింద ఉన్న కీలు, రెండూ కదలకుండా ఉండాలి. మోకాలి కింద విరిగితే మోకాలినీ, మడమ కీలునూ కలిపి కట్టవచ్చు. మరి తొడ ఎముక విరిగితే? పైకీలు తుంటిలో ఉంది. చుట్టూ దట్టమైన కండ. అక్కడ కట్టు నిలవదు, జారుతుంది. జారిన కట్టు సరిగ్గా విరిగిన చోటికి వచ్చి బరువుగా వేలాడుతుంది. కట్టు లేనప్పటి కంటే హాని ఎక్కువ. ముందు కాలిలో జబ్బ ఎముక సంగతీ ఇంతే. అందుకే తొడ, జబ్బ ఎముకలు విరిగిన కుక్కల్లో చాలావాటికి ఆపరేషనే దారి. బండ్లు గుద్దిన కుక్కల్లో ఎక్కువగా విరిగేది ఆ తొడ ఎముకే.

చిన్న జాతి కుక్కలది ఇంకో కథ. పొమేరియన్ లాంటి బొమ్మ కుక్క పిల్లవాడి చేతిలోంచో, మంచం మీద నుంచో దూకుతుంది. ముందు కాలి కింది జంట ఎముకలు మణికట్టుకు కాస్త పైన పుల్లల్లా విరుగుతాయి. చూడడానికి చిన్న దెబ్బ. కాని ఆ చోట కండ తక్కువ, రక్తప్రసారం తక్కువ. పిండికట్టు వేసి వదిలేస్తే చాలాసార్లు అతకదు. అటువంటి వాటికి చిన్న ప్లేటు వేసి స్క్రూలు బిగించడమే మేలని సర్జన్లు చెబుతారు.

ఇక దెబ్బ తగిలిన మొదటి గంటలో మనం చేయవలసింది చెబుతాను. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. కాబట్టి మెత్తటి గుడ్డపేలికతో మూతి చుట్టూ కట్టి, దవడ కింద నుంచి చెవుల వెనక్కి తీసి ముడి వేయాలి. ఊపిరి ఆడక ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టకూడదు. ఒకవేళ కరిస్తే ఆ గాయాన్ని పావుగంట సేపు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. తెలిసిన కుక్కే కదా అని ఊరుకోకండి.

కుక్కను చంకలో ఎత్తుకోకుండా పలక మీదనో, దుప్పటి మీదనో జరిపి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని మోయాలి. వెన్ను కూడా దెబ్బతిని ఉండవచ్చు. ఎముక తోలు చీల్చుకుని బయటికి వస్తే దాన్ని లోపలికి నెట్టవద్దు. పసుపు, కాఫీపొడి, సున్నం, ఏదీ పెట్టవద్దు. ఉతికిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే బయల్దేరాలి. అటువంటి తెరుచుకున్న గాయంలో ప్రతి గంటా క్రిములకు లాభమే. నూనె రాసి పామడం వద్దు, లాగి సరిచేయడం వద్దు. దారిలో తిండి పెట్టవద్దు, మత్తు ఇవ్వవలసి రావచ్చు. ముఖ్యంగా మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయవద్దు. ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి నెత్తురు కార్పిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కుక్కలకు సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, వాటిని డాక్టరే ఇవ్వాలి.

ఇప్పుడు రెండో కుక్క దగ్గరికి వస్తాను. అది మా బడి కుక్క. కన్నడం పిల్లలు కరియ అంటారు, తెలుగు పిల్లలు నల్లోడా అంటారు, ఏ పేరుకైనా తోక ఊపుతుంది. మూడేళ్ల వయసులో దాన్ని రోడ్డు మీద ఒక కారు గుద్దింది. పిల్లలు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. పెద్ద పిల్లవాడొకడు ఊరి అలవాటు ప్రకారం వెదురు బద్ద చేతబట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ బద్దను చూడగానే నా ప్రాణం విలవిల్లాడింది. దాన్ని పక్కన పడేయించి, దుప్పటి పరిపించి, ఆటో పిలిపించాను. తాలూకా ఆసుపత్రిలో నొప్పికి సూది వేసి, ఇది ఇక్కడ అయ్యే పని కాదంటూ పశువైద్య కళాశాల ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు.

అక్కడ సర్జను ముందుగా కాలు వైపు చూడనే లేదు. పళ్ల చిగుళ్ల రంగు చూశారు, గుండె విన్నారు, ఊపిరితిత్తులకు ఎక్స్-రే తీయించారు, మూత్రం పోస్తోందా అని అడిగారు. నా ఆత్రం చూసి, "మేష్ట్రే, కాలు రెండు రోజులు ఆగుతుంది, ఊపిరి ఆగదు" అన్నారు. బండి గుద్దిన కుక్కకు ఊపిరితిత్తి నలగవచ్చు, రొమ్ముకూ కడుపుకూ మధ్య ఉండే తెర చిరగవచ్చు, మూత్రాశయం పగలవచ్చు. అవి తెలుసుకోకుండా మత్తు ఇస్తే బల్ల మీదే ప్రాణం పోతుంది. కరియకు ఊపిరితిత్తి కొద్దిగా నలిగింది. అది తేరుకున్నాక మూడో రోజున ఆపరేషన్ పెట్టారు. కాలి ఎక్స్-రే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీశారు. ఒకవైపు నుంచి సరిగ్గా కనిపించిన ఎముక ఇంకోవైపు నుంచి చూస్తే పూర్తిగా తప్పుకుని ఉంది. తొడ ఎముక మూడు ముక్కలైంది.

విరిగిన ఎముకను లోపల పట్టి ఉంచడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మొదటిది పిన్ను. ఎముక లోపల మూలుగ ఉండే బోలులోకి స్టీలు కమ్మీ దింపుతారు. వెదురు గొట్టం విరిగితే లోపల ఒక కర్ర దూర్చినట్టు అన్నమాట. ఎముక వంగదు గాని, కర్ర చుట్టూ గొట్టం తిరిగినట్టు తిరగగలదు. అందుకని అవసరాన్ని బట్టి చుట్టూ స్టీలు తీగ బిగిస్తారు, లేదా వేరే ఆధారం కలుపుతారు. రెండోది ప్లేటు. ఎముక పక్కన లోహపు పట్టీ పెట్టి స్క్రూలతో బిగిస్తారు. వంగకుండా, తిరగకుండా, కుంగకుండా అది పట్టుకుంటుంది. మూడోది బయటి చట్రం. తోలు గుండా సన్నటి పిన్నులు ఎముకలోకి దింపి, బయట వాటిని ఒక కమ్మీకి కలుపుతారు. గాయం తెరుచుకుని చీము పట్టే ప్రమాదం ఉన్నచోట ఇది మేలు. విరిగిన చోట లోహం ఉండదు, గాయాన్ని రోజూ కడగవచ్చు. ఖర్చు తగ్గించడానికి కమ్మీకి బదులు గట్టిపడే ఎపాక్సీ ముద్దతో పిన్నులను కలిపే పద్ధతి మన దేశంలోనూ వాడుకలో ఉంది.

ఈ విద్య చరిత్రలో ఒక ముచ్చట ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన ఆటో స్టేడర్ అనే పశువైద్యుడు 1930ల్లో కుక్కల కోసం ఒక బయటి చట్రం తయారుచేశాడు. కుక్కలు పిండికట్టును కొరికి పారేస్తుంటే ఆయన వెతుక్కున్న ఉపాయం అది. మనుషుల డాక్టర్లు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం గాయపడిన నావికులకు అదే చట్రం వాడింది. కుక్కకు చేసిన మేలు మనిషికి తిరిగొచ్చింది. మనిషి నుంచి కుక్కకు వచ్చినవీ ఉన్నాయి. 1939లో జర్మనీలో కుంట్షర్ అనే సర్జను మనిషి తొడ ఎముక మూలుగలోకి పొడవాటి లోహపు కమ్మీ దింపి చూపించాడు. 1958లో స్విట్జర్లాండులో కొందరు సర్జన్లు ఒక సంఘంగా ఏర్పడి ప్లేట్లు, స్క్రూల పద్ధతికి ఒక శాస్త్రం ఏర్పరచారు. ఆ శాస్త్రమే నేడు కుక్కల ఆపరేషన్ బల్ల మీదా నడుస్తోంది.

కరియకు పిన్ను, ప్లేటు రెండూ వేశారు. ఆపరేషన్ బాగా జరిగిందని విని నేను చేతులెత్తి నమస్కరించాను. సర్జను నవ్వి, "నమస్కారం ఎనిమిది వారాల తర్వాత పెట్టండి, నా పని మూడు గంటలు, మీ పని రెండు నెలలు" అన్నారు. ఆ మాట విలువ తర్వాత తెలిసింది.

బడిలో ఆటసామాన్ల గదిలో ఒక మూల నాలుగడుగుల చదరంలో బెంచీలు అడ్డం పెట్టి దానికి చోటు చేశాం. మందులు వేయడానికి, బయటికి తీసుకుపోవడానికి పిల్లలు వంతులు వేసుకుని హాజరు పట్టీ రాశారు. మూత్రానికి తీసుకెళ్లేటప్పుడు మెడకు గొలుసు, కడుపు కింద తువ్వాలు పట్టి వెనక భాగాన్ని కొద్దిగా ఎత్తి నడిపించాలి. పరుగు, గెంతు, మెట్లు, అన్నీ నిషేధం. కుట్లు నాకకుండా మెడ చుట్టూ గంపలాంటి కాలరు. ఇరవై రోజులయ్యేసరికి అది కాలు ఆన్చి నడవసాగింది. మా అందరికీ సంతోషం. ఇరవై రెండో రోజున ఆరో తరగతి పిల్లవాడొకడు జాలిపడి బెంచీ జరిపాడు. కరియ మైదానంలో మేకను తరుముతూ రెండు చుట్లు తిరిగింది. మర్నాటికి మళ్లీ కుంటింది.

ఎక్స్-రేలో ఒక స్క్రూ వదులై కనిపించింది. ప్లేటు మాత్రం నిలబడింది. సర్జను పిల్లవాణ్ణి తిట్టలేదు. బల్ల మీదున్న చిన్న తీగ ముక్క తీసి వాడి చేతికిచ్చి, అటూ ఇటూ వంచమన్నారు. పది పదిహేను సార్లు వంచేసరికి తీగ పుటుక్కున తెగింది. "చూశావా, ప్లేటూ ఇంతే. ఎముకను అతికించేది ప్లేటు కాదు, ఎముకే. అది అతుక్కునేదాకా ప్లేటు పట్టుకుని ఉండాలి. ముందు ఎముక అతికితే కుక్క గెలిచినట్టు. ముందు లోహం అలిసిపోతే మనం ఓడినట్టు" అని చెప్పారు. నేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను గాని అంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు. ఆ తర్వాత ఆ పిల్లవాడే గదికి కాపలాదారు అయ్యాడు.

నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. ఇది గుర్తుంచుకోండి. కూన అయితే నాలుగు వారాల్లోనే అతకవచ్చు. పెద్ద కుక్కకు రెండు మూడు నెలలు పడుతుంది. ముసలి కుక్కకు ఇంకా ఎక్కువ. ఎక్స్-రేలో ఎముక కలిసిందని డాక్టరు చెప్పేదాకా గొలుసు విప్పకూడదు. అలాగని కాలును కొయ్యలా ఉంచడం కూడా తప్పే. లేత కుక్కల్లో మోకాలి దగ్గర తొడ ఎముక విరిగినప్పుడు కాలు చాచి కదలకుండా ఉంచితే తొడ కండ బిగుసుకుపోయి మోకాలు మళ్లీ మడవదు. కనుక కీలును ఎప్పటినుంచి, ఎంత మేరకు మెల్లగా ఆడించాలో డాక్టరును అడిగి చేయాలి. కుట్ల దగ్గర చీము, పాదం వాపు, జ్వరం, తిండి మానడం, ఆన్చుతున్న కాలు మళ్లీ ఎత్తేయడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు చూపించాలి. మూలుగలోని పిన్నును ఎముక అతికాక సాధారణంగా తీసేస్తారు. ప్లేటు బాధపెట్టకపోతే చాలాసార్లు అలాగే ఉంచుతారు.

ఇక తిండి మాట. ఎముక అతకాలని సున్నపు మాత్రలు గుప్పెళ్లతో వేయనక్కరలేదు. సరైన తిండి తింటున్న కుక్కకు అదే చాలు. కాని కూనకు వట్టి మాంసమో, వట్టి అన్నమో పెట్టి పెంచితే కాల్షియం చాలక ఎముకలు పలచబడి, చిన్న గెంతుకే విరుగుతాయి. అటువంటి కూనకు ముందు తిండి సరిచేయాలి. పలచటి ఎముకలో స్క్రూ పట్టు నిలవదు.

ఎక్కడికి తీసుకువెళ్లాలని మీరు అడగవచ్చు. ముందు దగ్గరలోని పశువుల ఆసుపత్రికి. నొప్పి తగ్గించి, కాలును క్షేమంగా సర్ది పంపడం అక్కడ అవుతుంది. పెద్ద ఆపరేషన్ల కోసం పశువైద్య కళాశాలల శస్త్రచికిత్స విభాగాలున్నాయి. కోలారు, హొసూరు వైపు వారికి బెంగళూరు హెబ్బాళ, బీదరు, కలబురగి వైపు బీదరు, వేలూరు, తిరుత్తణి వైపు తిరుపతి లేదా చెన్నై వేపేరి, గంజాం, రాయగడ వైపు భువనేశ్వర్ లేదా విజయనగరం జిల్లా గరివిడి, చంద్రపూర్, గడ్చిరోలి వైపు నాగపూర్, నాందేడ్ వైపు ఉద్గీర్, యానాం వారికి గన్నవరం. బయల్దేరే ముందు ఎముకల ఆపరేషన్ చేసే రోజేదో, ప్లేటూ స్క్రూలకు ఖర్చెంతో ఫోనులో కనుక్కోండి. డబ్బు చాలకపోతే ఆ మాట సిగ్గుపడకుండా చెప్పండి. తక్కువ ఖర్చులో అయ్యే పద్ధతి ఉంటే వారే చెబుతారు.

కొన్నిసార్లు కాలు దక్కదు. నరాలు తెగి పాదానికి స్పర్శ పోవచ్చు, కండ నుజ్జు కావచ్చు, ఖర్చు మన తాహతుకు మించవచ్చు. అప్పుడు కాలు తీసేయడమే దయ. మూడు కాళ్ల కుక్క ఎలా బతుకుతుందని దిగులు పడవద్దు. కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద మోస్తుంది. ఒళ్లు పెరగకుండా చూసుకుంటే ఏ కాలు పోయినా చాలా కుక్కలు కొద్ది వారాల్లో సర్దుకుని పరుగెత్తుతాయి. మా నల్లోడు మూడు కాళ్లతో తొమ్మిదేళ్లు మా ఇల్లు కాచాడు. నన్ను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. నేను వీధిలోకి రాగానే మూడు కాళ్ల మీద ఎగిరెగిరి ఎదురొచ్చేవాడు. అలా వచ్చినప్పుడల్లా నా కళ్లు ఆ లేని కాలి మీదికే పోయేవి.

కరియ ఇప్పుడు నాలుగు కాళ్ల మీద నడుస్తోంది. చలికాలం పొద్దున పూట కొద్దిగా కుంటుతుంది, ఎండెక్కితే మామూలే. ప్రార్థన గంట కొట్టగానే వరుస చివర వచ్చి నిలబడుతుంది.

శ్రోతలారా, మీ వీధిలో రేపు ఒక కుక్క కాలు విరిగితే ఈ నాలుగు మాటలు తలచుకోండి. గట్టి కట్టు కట్టవద్దు. మన నొప్పి మాత్ర వేయవద్దు. పలక మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చండి. ఆపరేషన్ అయ్యాక ఎముక అతికిందని తేలేదాకా గొలుసు విప్పవద్దు. మీ చేతిలో వెదురు బద్ద ఉంటే దయచేసి పక్కన పడేయండి.